కడలి రంగులు, కొమ్మల పచ్చన: ఇంటి అలంకరణపై మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే కోరిక చుట్టూ తిరిగాయి. ఇల్లు సముద్రపు ఒడ్డులా, చెట్టు నీడలా ఉండాలి. అయితే ఎక్కువమంది రంగు పేరు దగ్గరే ఆగిపోతున్నారు. గోడ మీద పడే వెలుతురు, ఆ రంగు పట్టే ఉపరితలం, రంగు ఆరే తీరు ఎవరికీ గుర్తుకు రావడం లేదు. చిక్కులన్నీ అక్కడే వస్తున్నాయి.

ప్రశ్న: హాలుకు లేత సముద్రపు నీలం ఎంచుకున్నాం. షేడ్ కార్డులో ఎంతో మృదువుగా కనిపించింది. నాలుగు గోడలకూ వేశాక ఈతకొలనులో కూర్చున్నట్టుంది. రాత్రి లైట్లు వేస్తే అదే రంగు బూడిద పచ్చగా మారుతోంది. షాపులో తప్పు కలిపారా? హాలు 12 × 15 అడుగులు, ఎత్తు 10 అడుగులు.

జవాబు: కలపడంలో తప్పు ఉండకపోవచ్చు. కార్డు మీద రంగు రెండంగుళాల ముక్క, చుట్టూ తెల్ల కాగితం. హాల్లో అదే రంగు నాలుగు వైపులా ఉంటుంది. ఈ గోడ నీలం ఆ గోడ మీద పడుతుంది, ఆ గోడది తిరిగి ఈ గోడ మీద పడుతుంది. దాంతో రంగు చిక్కబడుతుంది. అందుకే నీలం, పచ్చ రంగుల్లో కార్డులో నచ్చినదాని కన్నా ఒకటి రెండు మెట్లు లేతది, అంతకన్నా ముఖ్యంగా బూడిద పాలు ఎక్కువున్నది తీసుకోవాలి. కార్డులో చూసి ‘అసలిది నీలమేనా’ అని అనుమానం వచ్చే రంగే గోడకెక్కాక హాయైన నీలంగా నిలుస్తుంది.

రాత్రి రంగు మారడానికి కారణం మీ బల్బులు. కెల్విన్ అంటే బల్బు కాంతి ఛాయను చెప్పే అంకె. 2700 కెల్విన్ బల్బు కాంతి పసుపు వైపు మొగ్గుతుంది, అది లేత నీలం మీద పడితే పచ్చదనం పైకి తేలుతుంది. గోడ ముట్టుకునే ముందు బల్బులు మార్చి చూడండి. నీలం గదికి 3000 నుంచి 3500 కెల్విన్, రంగుల కచ్చితత్వం చెప్పే సీఆర్ఐ 90కి పైన ఉన్నవి సరిపోతాయి. 6500 కెల్విన్ మాత్రం వద్దు, గది ఆస్పత్రి వరండాలా ఉంటుంది.

ఇక ఈతకొలను సంగతి. నాలుగు గోడలూ మార్చనక్కర్లేదు. సోఫా వెనక 12 అడుగుల గోడను నీలంగానే ఉంచి, మిగతా మూడింటికీ ఇసుక ఛాయ ఉన్న ఆఫ్ వైట్ వేయించండి. మూడు గోడల నిడివి 42 అడుగులు. ఎత్తు 10తో గుణిస్తే 420 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలకు ఓ 70 తీసేస్తే 350. పాత నీలం లోపల్నుంచి తొంగిచూడకుండా ముందు ఒక కోటింగు తెల్ల ప్రైమర్ పడాలి. ఆపైన రెండు కోటింగుల ఎమల్షన్. లీటరు ఎమల్షన్ ఒక కోటింగుకు సుమారు 100 నుంచి 120 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి ఏడు లీటర్లు తెచ్చుకోండి. రెండు మూడు డబ్బాలైతే అన్నీ ఒకే బకెట్లో పోసి కలిపాకే మొదలుపెట్టమనండి. ఒకే నంబరు రంగైనా డబ్బాకీ డబ్బాకీ పిసరంత తేడా వస్తుంది. గోడ మధ్యలో డబ్బా మారితే ఆ తేడా గీత గీసినట్టు కనబడుతుంది.

ఈసారి ముందే పరీక్షించుకోండి. రెండడుగుల చదరపు హార్డ్‌బోర్డు ముక్కకు రెండు కోటింగులు వేయండి, అంచున ఒక అంగుళం తెల్లగా వదలండి. దాన్ని గోడకు ఆనించి నిలబెట్టి ఉదయం, మధ్యాహ్నం, లైట్లు వేశాక చూడండి. పాత గోడ మీదే చిన్న చదరం వేసి చూడటం చాలామందికి అలవాటు. కానీ చుట్టూ ఉన్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది. బోర్డును నేల మీద పడుకోబెట్టి చూసినా అంతే, గోడ మీద పడే వెలుతురు వేరు. డబ్బా మీదో షేడ్ కార్డు వెనకో ఎల్ఆర్‌వీ అనే అంకె ఉంటే అదీ చూడండి. నలుపుకు 0, తెలుపుకు 100 లెక్కన ఆ రంగు ఎంత వెలుతురును తిప్పి పంపుతుందో అది చెబుతుంది. పగలు కూడా లైటు వేసుకోవాల్సిన గదైతే 60 కన్నా దిగకండి.

ప్రశ్న: సముద్రపు శైలి అంటే గవ్వలు, లంగరు బొమ్మలు, చుక్కాని చక్రం పెట్టాల్సిందేనా? మాకవి ఏదో రిసార్టులో ఉన్నట్టనిపిస్తాయి.

జవాబు: అక్కర్లేదు, మీ కన్ను సరిగ్గానే చెబుతోంది. తీరం ఫొటో ఒకటి తీసుకుని కళ్లు సగం మూసి చూడండి. ఎక్కువ జాగా ఇసుకది, తర్వాత మబ్బు తెలుపుది. నీలం ఆ రెండిటి తర్వాతే. గదిలోనూ అదే వరస. సుమారు 60 పాళ్లు ఇసుక, ఆఫ్ వైట్. 30 పాళ్లు చెక్క, పేము, జనపనార, లినెన్ లాంటివి. మిగిలిన 10 పాళ్లలో నీలం. నీలం కూడా ఒక్కటే ఛాయ పెట్టుకోండి. నేవీ, టర్కాయిస్, ఆకాశనీలం మూడూ ఒక గదిలో చేరితే పిల్లల గదైపోతుంది.

ఇంకో సంగతి, మెరుపు. తీరంలో ఎండకూ గాలికీ నలిగిన వస్తువేదీ నిగనిగలాడదు. గోడకు మాట్ ఎమల్షన్, చెక్కకు మాట్ వార్నిష్, లోహానికి గీతలు పడిన ఇత్తడి ఛాయ ఎంచుకోండి. ఈ ఒక్కటీ పాటిస్తే ఒక్క గవ్వ లేకున్నా గదికి ఆ తీరు వస్తుంది. మెరిసే టైల్స్ ఉన్నాయని దిగులుపడకండి, పెద్ద రగ్గు ఒకటి ఆ మెరుపును మింగేస్తుంది.

గవ్వలు ఉండి తీరాలనుకునేవారికి ఒక మాట. ఖాళీ గవ్వలనే తీసుకోండి, శుభ్రం చేయడానికి వెనిగర్, నిమ్మరసం వాడకండి. గవ్వ అంటే కాల్షియం కార్బొనేట్, ఆమ్లం దాన్ని కరిగించి పైమెరుగును తినేస్తుంది. సబ్బునీళ్లు, పాత టూత్ బ్రష్షు చాలు. పగడపు దిబ్బల ముక్కలు కొనకండి. గట్టి పగడపు జాతులు అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నాయి, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు.

ప్రశ్న: పడకగదికి సున్నపు వెల్ల వేయించాం, మబ్బులు తేలినట్టుండే ఆ అందం కోసం. నెల తిరక్కుండానే చేత్తో తాకితే పొడి అంటుతోంది. కిటికీ పక్కన పొరలుగా లేస్తోంది. పాత ఎమల్షన్ మీదే వేశారు.

జవాబు: రెండు తప్పులు కలిశాయి. సున్నం పెయింటులా ఆరదు. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని నెమ్మదిగా రాయిలా మారుతుంది. ఆ మార్పు జరిగేంతసేపు గోడలో చెమ్మ ఉండాలి. ఫ్యాన్లు పెట్టి గబగబా ఆరబెట్టినా, కిటికీ ఎండ నేరుగా పడినా నీరు ముందే పోతుంది, సున్నం పొడిగా మిగులుతుంది. చేతికంటేది అదే. పొరలు లేవడానికి కారణం ఎమల్షన్. అది ప్లాస్టిక్ పొర లాంటిది, సున్నం లోపలికి దిగి పట్టుకోవడానికి సందివ్వదు.

లేచిన చోట గీకేయండి. మిగతా గోడను గట్టి బ్రష్షుతో పొడిగానే రుద్ది, వదులుగా ఉన్నదంతా రాల్చండి. ఎమల్షన్ బయటపడిన చోట్ల సన్న ఇసుక కలిసిన మినరల్ ప్రైమర్ వేయాలి. ఆరాక ఆ గరుకు వేలికి తెలుస్తుంది, వెల్ల పట్టుకునేది దాన్నే. ప్రైమర్ పడని చోట గోడను నీళ్లు చల్లి తడపండి. చెమ్మగా ఉండాలి, నీళ్లు కారకూడదు. సున్నాన్ని వెన్న తీసిన పాలంత పల్చగా కలపండి. చిక్కగా వేస్తే ఒక్క కోటింగుతో అయిపోతుందని తొందరపడేవారికే గోడ పగుళ్లు పట్టేది. వెడల్పాటి కుంచెతో అడ్డదిడ్డంగా, గుణకారపు గుర్తు వేస్తున్నట్టు తిప్పండి. కోటింగుకూ కోటింగుకూ ఒక రోజు విరామం. ఇలా మూడు, అవసరమైతే నాలుగు. తడిగా ఉన్నప్పుడు గాజులా పారదర్శకంగా, ముదురుగా కనిపిస్తుంది. అది చూసి రంగు ఎక్కువైందనో తక్కువైందనో హడావుడి పడకండి, ఆరితే చాలా తేలిపోతుంది.

రంగుపొడి విషయంలో జాగ్రత్త. సున్నం గాఢ క్షారం, అన్ని రంగులూ తట్టుకోవు. ఐరన్ ఆక్సైడు మట్టి రంగులు, అంటే కావి, పసుపు మట్టి, గోధుమ, చక్కగా నిలుస్తాయి. నీలానికి అల్ట్రామెరైన్ నిలుస్తుంది. ప్రష్యన్ బ్లూ మాత్రం సున్నంలో విరిగి గోధుమ రంగుకు తిరుగుతుంది. సున్నపు ముద్ద కిలోకు పొడి 100 గ్రాములు దాటకూడదు, దాటితే పట్టు తప్పి మళ్లీ రాలడం మొదలవుతుంది. గోడ మధ్యలో మరక పడితే అక్కడొక్కటే దిద్దకండి, తేడా ఎప్పటికీ కనిపిస్తుంది. మూల నుంచి మూలకు గోడంతా ఒక పల్చటి కోటింగు వేయాల్సిందే. పని చేసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు మరవద్దు. సున్నపునీటి చుక్క కంట్లో పడితే చూపుకే ముప్పు.

ప్రశ్న: పాత చెక్క బల్లను, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్కలా తెల్లబారినట్టు చేయాలని తెల్ల పెయింటు పల్చగా వేశాను. మూడు వారాల్లో ముడుల దగ్గర పసుపు మరకలు తేలాయి, అంచుల్లో గీకితే ఊడిపోతోంది.

జవాబు: ఊడిపోవడం పాత వార్నిష్ వల్ల. నీళ్లు కలిపిన పెయింటు దాని మీద కూర్చుంటుందే గాని చెక్కలోకి దిగదు. మరకలు ముడుల్లోని జిగురువి. పైన ఎన్ని కోటింగులు వేసినా అది పొడుచుకొస్తూనే ఉంటుంది.

అంతా తీసేసి మొదటినుంచి చేయండి. వార్నిష్ పోయేదాకా 80 నంబరు ఉప్పుకాగితం, తర్వాత 120, చివర 150. అక్కడ ఆపండి. 240 దాకా నునుపు చేస్తే చెక్క రంధ్రాలు మూసుకుని తెలుపు పట్టదు. నునుపు ఎక్కువైతే పని చెడే అరుదైన సందర్భం ఇది. బల్ల బాగా పాతదైతే దాని పెయింటులో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దకుండా తడి ఉప్పుకాగితంతో, మాస్కు పెట్టుకుని చేయండి. తర్వాత ఇత్తడి తీగల బ్రష్షుతో చెక్క గీతల వెంట, ఒకే దిక్కుగా గట్టిగా లాగండి. మెత్తటి భాగం లేచిపోయి గట్టి గీతలు ఉబ్బెత్తుగా నిలుస్తాయి. రేపు తెలుపు నిండేది ఆ గాడుల్లోనే.

ముడుల మీద, వాటి చుట్టూ ఒక అంగుళం మేర, మైనం తీసిన లక్క పాలిష్ రెండు కోటింగులు వేయండి. జిగురును ఆపేది అదే. ఆరాక తెల్ల మాట్ ఎమల్షన్ ఒక పాలు, నీళ్లు ఒక పాలు కలపండి. చెక్క ఎక్కువ కనిపించాలంటే నీళ్లు రెండు పాళ్లు. గ్లాసుడు మిశ్రమానికి రెండు మూడు చుక్కల బూడిద రంగు వేయడం మరవకండి. అచ్చ తెలుపైతే సున్నం కొట్టినట్టుంటుంది, ఉప్పునీటి చెక్క ఛాయ రాదు. రెండడుగుల మేర పూసి, రెండు నిమిషాలాగి, పాత నూలు గుడ్డతో చెక్క గీతల వెంట తుడిచేయండి. తర్వాతి రెండడుగులు. బల్లంతా పూసి చివర్లో తుడుద్దామనుకుంటే మొదలుపెట్టిన చోట ఆరిపోయి అట్ట కడుతుంది.

ఇంత నీళ్లు కలిపిన పెయింటులో పట్టుకునే జిగురు తగ్గిపోతుంది కాబట్టి పై పూత తప్పదు. నీటితో కలిసే మాట్ పాలియురిథేన్ వార్నిష్ రెండు మూడు కోటింగులు వేయండి, మధ్యలో 220 నంబరుతో తేలిగ్గా రుద్దండి. నూనె ఆధారిత వార్నిష్ వద్దు, నెలల్లో పసుపు తిరిగి మీ శ్రమంతా పాడుచేస్తుంది.

తెలుపు కాక వెండి బూడిద ఛాయ కావాలంటే పెయింటు అవసరం లేదు. వెనిగర్‌లో ఇనుప పీచు ఒక రోజు నానబెట్టి వడకట్టి పూయండి. సీసా మూత బిగించకండి, లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది. చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి బూడిదగా, ఒక్కోసారి దాదాపు నల్లగా మారుతుంది. టానిన్ తక్కువున్న పైన్ లాంటి చెక్కకు ముందు చిక్కటి టీ డికాషన్ పూసి ఆరనివ్వాలి. బల్ల అడుగు భాగంలో ఒక జానెడు చోట చూసుకున్నాకే పైకి రండి. ఈ రంగును వెనక్కి తీయడం కష్టం.

ప్రశ్న: జనపనార రగ్గు మీద నీళ్లు ఒలికి గోధుమ రంగు మరక పడింది. ఉతకొచ్చా? అలాగే పేము అల్లిక కుర్చీ సీటు జారిపోయింది.

జవాబు: రగ్గు ఉతకకండి. తడిస్తే నారలోని గోధుమ రంగు పదార్థం నీటితో పాటు పైకి వచ్చి, ఆరేచోట మిగిలిపోతుంది. మీరు చూస్తున్నది అదే. ఒలికిన వెంటనే పొడి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. తర్వాత రగ్గు ఎత్తి రెండువైపులా ఫ్యాను గాలి తగలనివ్వాలి. పాత మరకకు గుడ్డను తడిపి బాగా పిండి, మరక అంచు నుంచి బయటికి కొద్దికొద్దిగా తుడిస్తే గీత మసకబారుతుంది, పూర్తిగా పోదు. ఎండ ఒకే వైపు పడితే జనపనార పసుపెక్కుతుంది, మూడు నెలలకోసారి రగ్గు తిప్పండి. గుమ్మం దగ్గరికి కొబ్బరి పీచు పట్టా వేయండి, స్నానాల గది పక్కన ఏ నారా వద్దు.

సీటు సంగతి తేలిక. కుర్చీ తిరగేయండి. పేముకు పైన నున్నటి తొక్క ఉంటుంది, అది నీరు పీల్చదు. అడుగువైపే పీలుస్తుంది. వేడినీళ్లలో తడిపిన గుడ్డ అడుగున అరగంట పరచండి. నానిన పేము సాగుతుంది, ఆరేటప్పుడు బిగుసుకుంటుంది. ఒక రోజంతా ఎవరూ కూర్చోకూడదు. తీగలు తెగిపోయి ఉంటే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు, అల్లిక మార్చాల్సిందే.

ప్రశ్న: ఒక ఏడాది నీలం అంటారు, మరుసటేడాది గోధుమ అంటారు. సేజ్ పచ్చ (బూడిద కలిసిన ఆకుపచ్చ) వేయించుకుంటే పాతబడిపోతుందా?

జవాబు: ట్రెండు చక్రం వేగం చూడండి. రంగుల ప్రమాణాలు రూపొందించే పాంటోన్ సంస్థ ఏడాది రంగు ప్రకటించడం 2000 సంవత్సరానికి సెరూలియన్ నీలంతో మొదలైంది. 2020కి క్లాసిక్ బ్లూ, 2025కి మోకా మూస్ అనే గోధుమ, 2026కి క్లౌడ్ డాన్సర్ అనే తెలుపు. ఏటా గోడ మార్చలేం కదా. కానీ 2022కి షెర్విన్ విలియమ్స్ ఎవర్‌గ్రీన్ ఫాగ్‌ను, బెంజమిన్ మూర్ అక్టోబర్ మిస్ట్‌ను ఎంచుకున్నాయి. పోటీ పెయింటు కంపెనీలు రెండూ ఒకే ఏడు బూడిద పచ్చ దగ్గరికే వచ్చాయి. ఆకులో, నాచులో, ఎండిన గడ్డిలో కన్ను రోజూ చూసే రంగు కాబట్టి అది విసుగెత్తించదని మా అభిప్రాయం. నిశ్చింతగా వేయించుకోండి.

సేజ్ చెడేది మరో దారిలో. పసుపు మొగ్గున్న సేజ్ మీద పసుపు బల్బు పడితే ఖాకీ అవుతుంది. నీలం మొగ్గున్నదాని మీద చల్లటి బల్బు పడితే సిమెంటు రంగవుతుంది. షేడ్ కార్డు పక్కన తెల్ల కాగితం పెట్టి చూస్తే ఆ మొగ్గు బయటపడుతుంది. నేరుగా ఎండ రాని గదికి పసుపు మొగ్గు, ఎండ దండిగా వచ్చే గదికి నీలం మొగ్గు నప్పుతాయి. గోడలు, తలుపు చట్రాలు, సీలింగు అన్నీ ఒకే రంగులో ముంచడం ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. చిన్న గదిలో బాగుంటుంది, గోడ ఎక్కడ ఆగిందో కంటికి తెలియదు. సీలింగు ఎత్తు ఎనిమిదడుగులే అయితే సీలింగుకు అదే రంగు సగం పాళ్లలో కలిపించండి. ట్రెండు సరదా తీర్చుకోవడానికి దిండు గలీబులు, కర్టెన్లు ఉన్నాయి. సోఫా, టైల్స్ జోలికి వెళ్లకండి.

ప్రశ్న: మా ఇల్లు నిజంగానే సముద్రం పక్కన. గోడ అడుగున తెల్లటి పొడి పూస్తోంది, స్టీలు హుక్కులు, కర్టెన్ రాడ్లు తుప్పు మచ్చలు పడుతున్నాయి.

జవాబు: గాలిలో తేలివచ్చే ఉప్పు పని ఇది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దాన్ని పీల్చుకుని తనే నీరవుతుంది. అందుకే వాన లేని రోజున కూడా మీ వస్తువులు చెమ్మగా ఉంటాయి. స్టీలు కొనేటప్పుడు 316 గ్రేడు అడగండి. మామూలుగా దొరికే 304లో లేని మాలిబ్డినం అందులో 2 నుంచి 3 శాతం ఉంటుంది, ఉప్పును తట్టుకునేది దానివల్లే. ఏ గ్రేడైనా నెలకోసారి మంచినీళ్లతో తుడిచి పొడిగుడ్డ పట్టాలి. రాడ్లకు చెక్క లేదా వెదురు వాడితే ఆ బాధే లేదు, శైలికీ అతుకుతుంది.

గోడ మీది తెల్లపొడిని తడిగుడ్డతో తుడవకండి. ఉప్పు కరిగి మళ్లీ లోపలికే వెళుతుంది, ఆరాక మళ్లీ పూస్తుంది. పొడి బ్రష్షుతో రాల్చి, కింద కాగితం పరిచి ఎత్తేయండి. వారం తర్వాత మళ్లీ వస్తుందేమో చూడండి. వస్తోందంటే లోపలికి నీరు చేరుతోందని లెక్క. బయట నేల మట్టం, పైపుల లీకు, పునాది చెమ్మ చూపించాలి. అది ఆగకుండా నీరు దూరని పెయింటు వేస్తే ఉప్పు పెయింటు వెనక గడ్డకట్టి పొక్కులు లేపుతుంది. చెమ్మ తగ్గాక ఆ అడుగు భాగానికి గాలాడే సున్నపు వెల్ల గానీ సిలికేట్ పెయింటు గానీ వేయించండి. సోఫా, అల్మరాలు ఆ గోడకు రెండు మూడంగుళాలు ఎడంగా జరపండి.